న్యూమాకు వండిన చేప

ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలంలో ఒక శుక్రవారం పొద్దున క్లెలీ మా ఇంటికి వచ్చింది. క్లెలీ నా బావమరిది న్యూమా కూతురు, నా భార్య ఎర్మిన్‌కు మేనకోడలు. ఎర్మిన్ పోయాక ఆ ఇంటినుంచి నా గుమ్మం తొక్కిన మనిషి ఆ పిల్ల ఒక్కతే. పిల్ల అంటున్నాను గాని జుట్టు సగం నెరిసింది.

నేను లోపలికి రమ్మనలేదు. తనే వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు చూసింది.

“ఏం తింటున్నావు మామయ్యా?”

“దొరికింది.”

“ఏం దొరికింది?”

“రొట్టె.”

“రొట్టె ఒక్కటేనా?”

“నిన్న ఉల్లిపాయ కూడా దొరికింది. ఎందుకొచ్చావో చెప్పు.”

కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుంది. ఏదో అడగబోయే మనిషి కూర్చునే తీరు అది.

“నాన్న ఏమీ తినడం లేదు. సూప్ పెడితే మొహం గోడవైపు తిప్పేస్తున్నాడు. అత్త చేసే చేప కావాలంటున్నాడు. పెనం మీద కాల్చి మీగడ సాస్‌తో పెట్టేది చూడు, అది. నేను చేసి పెట్టాను. ఒక ముక్క నోట్లో పెట్టుకుని పళ్ళెం తోసేశాడు.”

“ఏమన్నాడు?”

“దీనికంటే దిండు రుచిగా ఉంటుందన్నాడు.”

నాకు నవ్వు రాలేదు. న్యూమా అలాంటి మాటలు నన్ను చాలా అన్నాడు.

“అత్త చేతులు పడిపోయాక నీచేతే చేయించిందిగా. ఆ వంట తెలిసింది ఇప్పుడు నీకొక్కడికే.”

అది నిజం. చివరి నెలల్లో ఎర్మిన్ చేతులు గరిటె కూడా పట్టలేకపోయాయి. పొయ్యి పక్కన కుర్చీలో కూర్చుని నన్ను తిట్టేది. నేను వండేవాణ్ణి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేము అంతగా మాట్లాడుకున్నది అప్పుడే.

“డాక్టర్ ఏమంటున్నాడు?”

“గుండె అయిపోయిందంటున్నాడు. తినకపోతే వారం కూడా కష్టమన్నాడు. తింటే కొన్నాళ్ళు లాగొచ్చట.” క్లెలీ సంచీ పట్టీ వేలికి చుట్టుకుంది. “నాన్న ఈస్టర్ దాటాలంటున్నాడు మామయ్యా.”

ఈస్టర్ ఎందుకు దాటాలో ఆమె చెప్పక్కర్లేదు. న్యూ ఆర్లీన్స్‌లో పుట్టినవాళ్ళెవరికీ చెప్పక్కర్లేదు. ఇక్కడ గొయ్యి తవ్వితే నీళ్ళు పడతాయి. అందుకని నేల మీదే ఇటుకతో సమాధి కట్టుకుంటారు, ఇంటికొకటి. ఒకరిని అందులో పెట్టి, ఇటుకలతో మూసి, పైన సున్నం పూసి గిలాబా చేస్తే, ఏడాది గడిచి ఇంకొక రోజు దాటేదాకా తెరవకూడదు. ఆ ఏడాదిలో ఎండ తన పని తాను చేస్తుంది. తర్వాత తెరిచి, మిగిలినవి వెనకనున్న గుంటలోకి నెట్టి, ఖాళీ అయిన చోట తర్వాతి మనిషిని పెడతారు. ఆ గుంటలో తాతలూ మనుమరాళ్ళూ కలిసే ఉంటారు. ఏ ఎముక ఎవరిదని అడిగేవాళ్ళు లేరు.

ఎర్మిన్ తన పుట్టింటివారి సమాధిలో ఉంది. తల్లి దగ్గర పెట్టమని తనే అడిగింది. ఈస్టర్ వెళ్ళిన వారానికి ఆమెకు ఏడాది మీద రోజు అవుతుంది.

“ముందే పోతే అద్దె గూట్లో పెట్టాల్సి వస్తుంది,” అంది క్లెలీ. “గోడలో వరసగా ఉంటాయే, అవి. అటూ ఇటూ ఎవరో ఏమిటో. పరాయివాళ్ళ మధ్య పడుకోనంటున్నాడు.”

“అంటే మీ అత్తను వెనక్కి నెట్టి ఆ చోట పడుకోవడానికి ఆయనకు ఓపిక కావాలి. ఆ ఓపికకు నేను వండిపెట్టాలి.”

“అలా అనకు మామయ్యా.”

“ఎలా అనాలో చెప్పు, అంటాను.”

క్లెలీ తల తిప్పుకుంది. కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మంచి పిల్లే. తండ్రి మాట దాటి ఒక్క పని చేయదు. ఆ ఇంటి పెంపకం అది.

న్యూమాను నేను క్షమించలేదు. కారణం శ్మశానానికి వెళ్ళినవాళ్ళెవరికైనా కనబడుతుంది. సమాధి మీది పాలరాయి మీద ఎర్మిన్ పేరు పుట్టింటి పేరుతోనే చెక్కించాడు. ఫలానావారి కూతురు అని ఉంది. ఫలానావాడి భార్య అని లేదు. ఆ సమాధి నోరు మూసి గిలాబా చేసింది నేను. తాపీ పని నా వృత్తి, వేరేవాణ్ణి ముట్టుకోనివ్వలేదు. నా గిలాబా ఆరకముందే ఆ రాయి తెచ్చి దాని మీద బిగించారు.

మాది కాలువ పక్క పల్లె. మా అమ్మ ఆవులు మేపేది. పట్నంలో ఏడో వార్డు దర్జీల ఇంటి పిల్ల పల్లెటూరి తాపీవాణ్ణి చేసుకుందని ఆ ఇంటికి కోపం. ఎర్మిన్ తల్లి కొన్నాళ్ళకు మరిచిపోయింది. న్యూమా మరిచిపోలేదు. నేనూ మరిచిపోలేదు. ఆయన నన్ను బావ అనలేదు. నేను ఆయన్ను మీరు అనడం మానలేదు. ఆ మీరులో మర్యాద లేదని ఇద్దరికీ తెలుసు.

అయినా నాకు ఆయనతో పని ఉంది. సమాధి మీద హక్కు న్యూమాది. ఆయన తన నోటితో చెబితే తప్ప నన్ను అందులో పెట్టరు. మా ఊరి శ్మశానం సముద్రం చొచ్చుకొచ్చి ఎప్పుడో ఉప్పునీళ్ళ కిందికి పోయింది. మా అమ్మ ఎక్కడుందో ఇప్పుడు చేపలకు తెలియాలి. ఇక నాకు మిగిలింది అద్దె గూడు. గడువు తీరాక అందులోంచి కూడా తీసి అందరినీ వేసే గుంటలో వేస్తారు. ఎర్మిన్ ఒకచోట, నేను ఒకచోట. ఆ మాట న్యూమాను అడగాలని ఏడాదిగా అనుకుంటున్నాను. ఆ గుమ్మం దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి వచ్చాను.

“చేప నేను తెస్తాను,” అన్నాను. “నువ్వు తేవద్దు. నీకు చూడటం రాదు.”

క్లెలీ లేచి నా చెంప మీద ముద్దు పెట్టి వెళ్ళింది. నేను గడ్డం గీసుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది.

*

తపస్సు కాలపు శుక్రవారం చేపల కొట్టు దగ్గర నిలబడటానికి చోటుండదు. ఊరంతా మాంసం మానేసి అక్కడికే వస్తుంది. కొట్టు ఒలాంప్‌ది. భర్త పోయాక తనే కత్తి పట్టింది. ఆమె మాత్రం ఎవరిమీదా కోపం పెట్టుకోలేదు. ఎలాగో నాకు తెలియదు.

“ఒవీద్. నువ్వింకా బతికే ఉన్నావా?”

“ఎర్రచేప కావాలి. ఒకటి.”

“నీకైతే తల చాలు. చారు కాచుకో.”

“నాక్కాదు. న్యూమాకు.”

ఒలాంప్ కత్తి బల్ల మీద పెట్టింది. “న్యూమాకా? విషం ఇక్కడ దొరకదయ్యా. పక్క కొట్లో అడుగు.”

వరసలో ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. నేను ఐసు మీది చేపల్లో ఒకదాని మొప్ప ఎత్తి చూశాను. లోపల రంగు గోధుమకు తిరిగింది.

“ఇది నిన్నటిది.”

“నిన్నటిదే. నువ్వు మొన్నటివాడివి. నీకేం తక్కువ?”

“ఒలాంప్.”

“సరే సరే.” వంగి బల్ల కింది పెట్టెలోంచి ఇంకోటి తీసింది. తోక దగ్గర నల్ల మచ్చ, కన్ను తేటగా, ఒళ్ళు బిగువుగా ఉంది. పొలుసు గీకి, వెన్నుముల్లు తీసి, తోలు ఉంచి, రెండు పలకలుగా కోసి ఇచ్చింది. తలలున్న రొయ్యలు కూడా తీసుకున్నాను. మీగడ పాలవాడి దగ్గర కొన్నాను.

వెళుతుంటే ఒలాంప్ వెనకనుంచి అంది: “వాడికి వండిపెడుతున్నావంటే ఎర్మిన్ నవ్వుకుంటుంది.”

నవ్వుకునే స్థితిలో లేదని నేను అనలేదు. వరస పెద్దదిగా ఉంది.

*

న్యూమా ఇల్లు మా అందరి ఇళ్ళలాంటిదే. గది వెనక గది, ఒకే వరస. ముందు తలుపులో నిలబడితే వెనక వంటింటి కిటికీ కనిపిస్తుంది. పక్కగా వెళ్ళే దారి లేదు. వంటింట్లోకి వెళ్ళాలంటే ప్రతి మంచం పక్కనుంచీ వెళ్ళాలి. ముందు గదిలో న్యూమా పడుకుని ఉన్నాడు. సగానికి సగం అయిపోయాడు. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. మెడ దగ్గర చొక్కా గుండీలు మాత్రం అన్నీ పెట్టుకుని ఉన్నాడు.

“వచ్చాడా ఆవులవాడు,” అన్నాడు కళ్ళు తెరవకుండా.

“వచ్చాను.”

“కాళ్ళు తుడుచుకున్నావా?”

“మీ ఇంట్లో నడిచాను కదా. మా ఇంటికి వెళ్ళాక తుడుచుకుంటాను.”

ఒక కన్ను తెరిచాడు. మూశాడు. నేను వంటింట్లోకి వెళ్ళాను.

రొయ్యలు ఒలిచి తలలూ తొక్కలూ నీళ్ళలో వేసి చిన్న మంట మీద పెట్టాను. ఉల్లిపాయ, సెలరీ కాడ, క్యాప్సికం సన్నగా తరిగాను. ఈ మూడూ లేకుండా ఈ ఊళ్ళో ఎవరూ పొయ్యి ముట్టించరు. వెన్నలో వాటిని వేసి రంగు మారకుండా మెత్తబడేదాకా కలుపుతూ నిలబడ్డాను. మోకాళ్ళు నొప్పి. కూర్చుంటే అడుగంటుతుంది. వెల్లుల్లి వేశాను, టమాటాలు వేశాను.

కష్టమంతా టమాటా దగ్గరే. టమాటాలో పులుపు బతికి ఉండగా మీగడ పోస్తే విరిగిపోతుంది. సాస్‌లో తెల్లటి పలుకులు తేలుతాయి. క్లెలీ చేసింది అదే అయి ఉంటుంది. ఎర్మిన్ కుర్చీలోంచి అడుగుతూ ఉండేది: “టమాటా చచ్చిందా?” చచ్చిందనేవాణ్ణి. “రుచి చూసి చెప్పు,” అనేది. చూసేవాణ్ణి. చచ్చి ఉండేది కాదు. “నీ అంత తొందరపాటు మనిషి గోడలెలా కట్టాడో,” అనేది. ఈసారి తొందరపడలేదు. వెన్న పక్కలకు తేలి, నాలుక మీద పులుపు పోయి తీపి తగిలేదాకా ఉడికించాను. రొయ్య తొక్కల నీళ్ళు వడగట్టి పోశాను. బిర్యానీ ఆకు, థైమ్ అనే వాసన ఆకు, ఎర్ర కారం వేసి సగానికి మరగనిచ్చాను.

“మాడుతోంది,” అన్నాడు న్యూమా ముందు గదిలోంచి.

“మాడలేదు.”

“వాసన వస్తోంది.”

“మీకు మిగిలింది ముక్కొక్కటే. దాన్నైనా కాస్త ఊరుకోమనండి.”

మధ్య గదిలో బట్టలు మడతపెడుతున్న క్లెలీ “ఇద్దరూ ఊరుకోండి,” అంది.

చేప పలకలను గుడ్డతో అద్దాను. తడి ఉంటే పెనం మీద వేగదు, ఉడుకుతుంది. ఉప్పు, మిరియం, కారం పట్టించాను. ఇనుప పెనం పొగ వచ్చేదాకా కాల్చి, నూనె వేసి, తోలు కిందికి పెట్టాను. చుర్రుమని ముడుచుకోబోయింది. అట్లకాడతో ఒక క్షణం అదిమి వదిలేశాను. ఇక ముట్టుకోకూడదు. గిలాబా కూడా అంతే. ఆరకముందు వేలు పెడితే ఊడి చేతికి వస్తుంది. తోలు వేగాక చేపే పెనాన్ని వదులుతుంది. వదిలింది. తిరగేసి, వెన్న వేసి, వెంటనే దించాను.

మీగడలో ముందు రెండు గరిటెలు వేడి సాస్ కలిపి, అప్పుడు దాన్ని సాస్‌లో పోశాను. మంట తగ్గించి రొయ్యలు వేశాను. విరగలేదు. ఇటుక పొడి రంగుకు తిరిగింది. పళ్ళెంలో సాస్ పరిచి దాని మీద చేప పెట్టాను, తోలు పైకి. సాస్ పైన పోస్తే కరకర పోతుంది.

అప్పుడు నాకు ఆకలేసింది. చాలా రోజుల తర్వాత. ఆకలేసినందుకు కోపం వచ్చింది నాకు.

*

క్లెలీ దిండ్లు ఎత్తుపెట్టి న్యూమాను కూర్చోబెట్టింది. చెంచా తను పట్టుకోబోతే ఆయన లాక్కున్నాడు. ఒక ముక్క తీసి సాస్‌లో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. ఇంకోటి తీసుకున్నాడు. నేను తలుపుకు ఆనుకుని నిలబడ్డాను. తినడం అయ్యాక అడుగుదామనుకున్నాను. మాటలు కూడా కూర్చుకుని పెట్టుకున్నాను.

“ఇదీ,” అన్నాడు న్యూమా క్లెలీతో. “ఇదీ మా అమ్మ వంట. ఎర్మిన్‌కు అమ్మ నేర్పింది.”

నేను కూర్చుకున్న మాటలన్నీ పోయాయి.

“మీ అమ్మ దీంట్లో మీగడ వేసేది కాదు,” అన్నాను.

“నీకేం తెలుసు? మా వంటింట్లో ఉన్నావా నువ్వు?”

“ఎర్మిన్ చెప్పింది. ఎర్ర సాస్ మీ అమ్మది. మీగడ మా అమ్మ పోసింది. పెళ్ళయిన కొత్తలో మా ఊరొచ్చినప్పుడు ఎర్మిన్ నేర్చుకుంది.”

“అబద్ధం. చిన్నప్పటినుంచీ తింటున్నాను. తపస్సు కాలంలో ప్రతి శుక్రవారం మా ఇంట్లో ఇదే.”

“శుక్రవారం?”

“శుక్రవారమే.”

“తపస్సు కాలం శుక్రవారంనాడు మీ అమ్మ పాలు ముట్టుకునేదా?”

న్యూమా చెంచా నోటి దగ్గరే ఆపాడు. ఆ తల్లి సంగతి వార్డంతా ఎరుగుదురు. పూజకు ముందు చర్చి మెట్లు తుడిచే మనిషి. శుక్రవారం మాంసమే కాదు, పాలూ వెన్నా గుడ్డూ ఇంట్లోకి రానిచ్చేది కాదు. పిల్లలు నల్లకాఫీ తాగి బడికి వెళ్ళేవాళ్ళు. ఎర్మిన్ పెద్దయ్యాక కూడా శుక్రవారం కాఫీలో పాలు పోసుకునేటప్పుడు వెనక్కి చూసుకునేది.

“ముట్టుకునేది కాదు,” అన్నాడు న్యూమా చివరికి.

“మరి ఈ మీగడ ఎక్కడిది?”

చెంచా పళ్ళెంలో పెట్టి సాస్‌వంక చూశాడు. భుజాలు కదిలాయి. ఊపిరి ఆడటం లేదనుకుని క్లెలీ లేచింది. నవ్వుతున్నాడు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

“అయితే ఇన్నేళ్ళూ నేను ఆవులవాళ్ళ తిండి తిన్నానన్నమాట,” అన్నాడు.

“అవును.”

“ఎర్మిన్ ఎప్పుడూ చెప్పలేదు.”

“చెబితే మీరు తినేవారు కాదు.”

“తినేవాణ్ణి కాదు.” మళ్ళీ చెంచా తీసుకున్నాడు. “ఇప్పుడు కానీ. ఇప్పుడింక సిగ్గుకు బలం లేదు.”

పళ్ళెంలో సగం తిన్నాడు. క్లెలీ మూతి తుడిచింది. ఆమెను నీళ్ళు తెమ్మని వంటింట్లోకి పంపించి నా వంక తిరిగాడు.

“ఎందుకొచ్చావో చెప్పు. నువ్వు ఊరికే ఎవరికీ వండవు.”

“సమాధిలో చోటు కావాలి.”

అంత సులభంగా వచ్చింది. ఏడాది మోసిన మాట.

“ఎర్మిన్ పక్కనా?”

“పక్కన.”

“పక్కన అనేది ఉండదయ్యా అక్కడ. తాపీవాడివి, నీకు తెలియదా? ముందు నేను వెళతాను. ఆమె గుంటలోకి పోతుంది. తర్వాత నువ్వు వస్తావు. నేను గుంటలోకి పోతాను. నీ తర్వాత క్లెలీ వచ్చినప్పుడు నువ్వు. అప్పటికి ఆమె అడుగున, మధ్యలో నేను, పైన నువ్వు. ఆ తర్వాత అంతా ఒకటే కుప్ప. నాతో కలిసి ఉండాలి నువ్వు. ఎల్లకాలం. సమ్మతమేనా?”

“వేరే దారి ఉందా?”

“లేదు.”

“అయితే సమ్మతమే.”

“నా ఎముకలతో.”

“మీ ఎముకలు మాట్లాడవు కదా.”

మళ్ళీ నవ్వబోయి ఆపుకున్నాడు. “రాయి మీద నీ పేరు ఉండదు.”

“అది నేను అడగలేదు.”

“అడిగినా ఇవ్వను.”

“తెలుసు.”

క్లెలీ నీళ్ళు తెచ్చింది. ఆయన గ్లాసు అందుకోకుండా ఆమె వంక చూసి చెప్పాడు. “విను. నా తర్వాత ఈ ఆవులవాణ్ణి మన సమాధిలో పెట్టించు. రాయి మాత్రం ముట్టుకోవద్దు. విన్నావా?”

“విన్నాను నాన్నా.”

“నువ్వు ఈస్టర్ దాకా వండాలి,” అన్నాడు నాతో.

కృతజ్ఞతలు చెప్పలేదు నేను. ఆయనా ఎదురుచూడలేదు. పళ్ళెం తీసుకుని వెనక్కి వెళ్ళి, వంటింట్లో నిలబడి, ఆయన మిగిల్చిన సగం చేప తిన్నాను.

*

ఆ తర్వాత రోజు విడిచి రోజు వెళ్ళాను. చేప దొరికితే చేప, లేకపోతే రొయ్యలతో సాస్ ఒక్కటే. న్యూమా తిండి తగ్గుతూ వచ్చింది. చేప మానేసి రొట్టె సాస్‌లో అద్దుకుని తినేవాడు. మాటలు మాత్రం తగ్గలేదు. ఉప్పు ఎక్కువైందని, నేను తలుపు గట్టిగా వేశానని, నా చొక్కా కుట్టినవాడు గుడ్డివాడని.

ఒకరోజు వాన. పొద్దున్నే పట్టుకుంది. మంచం మీద కూర్చుని ఒక బూటు తొడుక్కున్నాను. రెండోది చేతిలో ఉంది. అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. న్యూమా మాట ఇచ్చేశాడు. క్లెలీ విన్నది. అది ఇంక మారదు. నేను ఈవేళ వెళ్ళకపోతే, ఎల్లుండి కూడా వెళ్ళకపోతే, ఆయన ఈస్టర్ దాకా ఉండడు. అద్దె గూట్లోకి పోతాడు. ఎర్మిన్ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. నా వంతు వచ్చేదాకా ఆమెను ఎవరూ కదపరు. దీనికి నేను చేయాల్సింది ఏమీ లేదు. ఊరికే కూర్చుంటే చాలు.

చాలాసేపు కూర్చున్నాను. వాన తగ్గలేదు. తర్వాత రెండో బూటు తొడుక్కుని వెళ్ళాను.

“ఇవాళ రావనుకున్నాను,” అన్నాడు న్యూమా. గొంతు బాగా సన్నబడింది.

“రాకూడదనే అనుకున్నాను.”

“మరి?”

“నిన్ననే రొయ్యలు కొనేశాను. పాడైపోతాయి.”

నా మొహంలోకి చూశాడు. ఆయనకు అర్థమైంది. మంచం మీద పడుకుని లెక్క వేసుకోవడానికి ఆయనకు నాకంటే తీరిక ఎక్కువ.

“నేనైతే వచ్చేవాణ్ణి కాదు,” అన్నాడు.

“తెలుసు,” అన్నాను. వంటింట్లోకి వెళ్ళాను.

గుడ్ ఫ్రైడేనాడు ఒక షరతు పెట్టాడు. ఈవేళ మీగడ వద్దు, అమ్మ చేసినట్టే ఎర్రగా చెయ్యి అన్నాడు. చేశాను. వెన్న కూడా వేయలేదు. నూనెతోనే చేశాను. రెండు చెంచాలు తిని మొహం చిట్లించాడు.

“పుల్లగా ఉంది.”

“మీ అమ్మ వంట.”

“నోర్ముయ్,” అన్నాడు. కాసేపాగి, “మీగడ ఉందా?” అన్నాడు.

ఉంది. క్లెలీ శిలువ గుర్తు వేసుకుంది. నేను పోశాను.

ఈస్టర్ వెళ్ళింది. వారం గడిచింది. ఏడాది మీద రోజు కూడా గడిచింది. ఆ పొద్దున నేను చర్చిలో ఎర్మిన్ కోసం పూజ చెప్పించుకుని వెళ్ళేసరికి న్యూమా మేలుకునే ఉన్నాడు. “అయిందా?” అన్నాడు. అయిందన్నాను. ఏమైనా తింటారా అన్నాను. ఇంక అక్కర్లేదన్నాడు. గెలిచిన మొహం పెట్టాడు. ఆ మొహంతోనే రెండు రోజులు ఉండి పోయాడు. నేను ఏడవలేదు. ఆయన కోసం ఏడవడానికి క్లెలీ ఉంది.

*

సమాధి తెరవడానికి శ్మశానం పనివాళ్ళు ఇబ్బందిపడ్డారు. ముందు పాలరాయి విప్పి పక్కన పెట్టారు. తర్వాత గిలాబా. ఉలి జారిపోతోంది.

“ఎవడు చేశాడ్రా దీన్ని,” అన్నాడొకడు.

“నేను,” అన్నాను.

వాడు ఇంకో ఉలి అందుకున్నాడు. ఇటుకలు ఒక్కొక్కటే తీశారు. ఇంటివాళ్ళు ఆ సమయంలో అటు తిరిగి నిలబడటం ఆచారం. క్లెలీ తిరిగింది. ఫాదర్ కూడా తిరిగాడు. నేను తిరగలేదు. పొడుగు పిడి పార తెచ్చారు. ఎంతో లేదు నెట్టడానికి. ఆ పని చేసినవాడు నెమ్మదిగానే చేశాడు. శవపెట్టె కుళ్ళిన పలకలు బయటికి లాగి పక్కన కాల్చడానికి పోగేశారు. ఊడ్చిన గదిలా అయింది లోపల. న్యూమాను పెట్టారు.

మూసేటప్పుడు తాపీ నేను తీసుకున్నాను. పనివాళ్ళు వారించలేదు. ఇటుక పేర్చి గిలాబా చేశాను. మళ్ళీ తెరవాల్సింది నా కోసమే గనక ఈసారి కాస్త పల్చగా వేశాను.

చేతులు కడుక్కుంటుంటే క్లెలీ పక్కకు వచ్చి నిలబడింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది.

“మామయ్యా, ఒక మాట.”

“చెప్పు.”

“నాన్న చెప్పింది చేస్తాను. అందులో నీకు అనుమానం వద్దు.” నా చేతికి తువ్వాలు ఇచ్చింది. “కాని ఇవాళ్టినుంచి మళ్ళీ ఏడాది మీద రోజు. అప్పటిదాకా తెరవరు. ఈలోపల నీకేమైనా అయితే నా చేతిలో ఏమీ లేదు. గూట్లోనే పెట్టాలి. తర్వాత మార్పించగలనో లేదో తెలియదు.”

ఇంతవరకూ నేను దాన్ని గురించి ఆలోచించలేదు. ఎప్పటిదాకా న్యూమా బతకాలో తెలుసు. నేను ఎప్పటిదాకా బతకాలో ఆ తువ్వాలు పట్టుకున్నప్పుడే తెలిసింది. ఎర్మిన్ పోయిననాటినుంచి నేను దేనికీ అడ్డం చెప్పలేదు. రొట్టె ఉంటే తిన్నాను, లేకపోతే పడుకున్నాను. ఛాతీలో పట్టేసినట్టుంటే పట్టేయనిచ్చాను. ఇప్పుడు అలా కుదరదు. ఇంకొక ఎండాకాలం, ఇంకొక తుఫానుల కాలం, ఇంకొక చలికాలం గడపాలి. ఒళ్ళంతా బరువెక్కింది.

“డాక్టర్ దగ్గరికి వెళ్ళు మామయ్యా,” అంది.

“వెళతాను.”

“నిజంగానేనా?”

“వెళతానన్నానుగా. పోరు పెట్టకు.”

శ్మశానం గేటు దాటితే పెద్ద రోడ్డు. పైన వంతెన రోడ్డు వేశాక కింద కార్లు ఎవరి కోసమూ ఆగవు. ఏడాదిగా నేను అటూ ఇటూ చూడకుండానే దాటుతున్నాను. తిట్లు తిన్నాను గాని ఎవరూ గుద్దలేదు. ఆ మధ్యాహ్నం అంచున ఆగాను. ఒక లారీ పోయింది. రెండు కార్లు పోయాయి. ఖాళీ అయింది. అయినా ఇంకోసారి రెండువైపులా చూసి, నెమ్మదిగా దాటాను.